కూలి రేటు ఎచ్చట నిర్ణయమగుచున్నది?

మన ప్రాంతమున కేవలము భూమినే నమ్ముకొని బ్రదుకు రైతు కుటుంబములు నానాటికి తగ్గుచున్నవి. ఇంటి పెద్ద పొలము చూచుకొనును. ఇల్లాలు తీరిక వేళల చాట ముందిడుకొని బీడీలు చుట్టును. ఒక కుమారుడు సిరిసిల్లలో సాంచా నడపును. మరియొకడు అప్పు చేసి దుబాయికో, ముస్కటునకో పోయి యుండును. విత్తనములకును ఎరువులకును పెట్టుబడి చాలనప్పుడు ఈ కూలి డబ్బే యాదుకొనును. సంఘమునకు చెల్లింపవలసిన వాయిదాలు సైతము పెక్కిండ్లలో ఈ డబ్బునుండియే చెల్లుచున్నవి. కావున వడ్ల ధర, పసుపు ధర యెంత ముఖ్యమో, కూలి రేటు కూడ మనకు అంతే ముఖ్యము.

అయినను ధాన్యము ధరను గూర్చి నలుగురము కూడినచోటెల్ల చర్చింతుము గాని, కూలి రేటు ఎట్లేర్పడునో విచారించువారరుదు. యజమాని దయగలవాడైనచో నాలుగు రూపాయలెక్కువ యిచ్చుననియు, లోభియైనచో తక్కువ యిచ్చుననియు చెప్పుకొని యూరకుందుము. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని సిరిసిల్లలో సాంచా నడపువాని కూలిని అతని యజమాని యొక్కడే నిర్ణయించుట లేదు. సూరతులోని నూలు ధర, దూరదేశములయందలి చమురు ధర, పొరుగూరి సాంచాలపై జరుగు కూలి, ఇవన్నియు కలిసి దానిని నిర్ణయించుచున్నవి. ఇది యెట్లు జరుగుచున్నదో, అందు మనము చేయగలిగిన దేమో సోదర సభ్యులకు తెలియజెప్పుటయే యీ వ్యాసము నుద్దేశము.

గొలుసు వ్యాపారమనగా నేమి?

పూర్వము ప్రత్తి పండిన సీమయందే అది యేకబడి, వడకబడి, నేయబడి, ఆ పరిసరములనే చాలవరకు అమ్ముడుపోయెడిది. నేడు ఒక చొక్కా తయారగుటకు ఒక దేశము చాలదు. ప్రత్తి ఒకచోట పండును. నూలు మరియొకచోట తీయబడును. గుడ్డ వేరొకచోట నేయబడి, ఇంకొకచోట అద్దబడి, మరియొక దేశమున కుట్టబడి, తుదకు అమెరికాలోనో, ఐరోపాలోనో దుకాణమునకు చేరును. ఆ చొక్కాపై తన పేరు వేసికొని అమ్ము కంపెనీకి సొంత మగ్గముగాని, కుట్టుమిషనుగాని యుండనక్కరలేదు. ఎవడు తక్కువకు, గడువులోపల చేసియిచ్చునో వానికి పని యప్పగించుటయే దాని నేర్పు. ఒకరి పని మరియొకరి పనికి లంకెవలె తగులుకొని యుండుటచే దీనిని గొలుసు వ్యాపారమనవచ్చును.

ఈ గొలుసులో ఆర్డరిచ్చువాడు ఎల్లలు దాటి తిరుగగలడు. ఒకచోట కూలి పెరిగినచో ఆర్డరును మరియొకచోటికి మార్చగలడు. పనిచేయువాడు ఇల్లు, పిల్లలు, అప్పులు విడిచి అంత సులభముగా కదలజాలడు. బేరములో లేచిపోగలవానిదే పైచేయి యని సంతలో ఎడ్లను బేరమాడిన ప్రతి రైతునకు తెలియును. కూలి విషయమునను ఇదియే మూలసూత్రము.

మాంచెస్టరు నుండి సిరిసిల్ల వరకు

పని యిట్లు ఊళ్లు మారుట నేటిది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశపు లాంకషైరు మండలమున, మాంచెస్టరు పట్టణపు పరిసరములలో, ఆవిరి యంత్రములతో నేసిన గుడ్డ ప్రపంచమంతటను నిండెను. 1913లో బ్రిటను సుమారు 700 కోట్ల గజముల నూలుగుడ్డను విదేశములకు పంపెను. అందులో సుమారు 300 కోట్ల గజములు మన దేశమునకే వచ్చెను. మన యూళ్ల చేనేత మగ్గములు అనేకము మూలబడుటకు ఇదియొక ముఖ్యకారణము.

ఇంతలో బొంబాయిలో 1854లో మొదటి నూలు మిల్లు కంపెనీ వెలసెను. పిమ్మట బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులు పెరిగెను; జపాను మిల్లులు పోటీకి వచ్చెను. లాంకషైరు మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడెను. మన నేతగాండ్రు పూర్వము పడిన బాధలనే అచటి పనివారు తరువాత పడిరి.

బొంబాయి మిల్లులలో కార్మికులు సంఘములు గట్టి కొంత మెరుగైన కూలిని, సెలవులను సంపాదించిరి. అప్పటికే గుడ్డపని భీవండి వంటి పట్టణముల చిన్న చిన్న సాంచా షెడ్లకు జారుచుండెను. 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మె చేసిరి. ఆ సమ్మె ఫలింపలేదు. పెక్కు మిల్లులు మరల తెరువబడలేదు. మిల్లుకూలికంటె తక్కువ కూలికి, మిల్లులకున్న కట్టుదిట్టములు లేకుండ పని జరుగు షెడ్లకు ఆ గుడ్డపని మరింత వేగముగా పోయెను.

ఈ కథలో మనవారికిని భాగము కలదు. తెలంగాణ జిల్లాలనుండి పోయిన పద్మశాలీలు బొంబాయి మిల్లులలోను, షోలాపురమునను, భీవండిలోను పనిచేసిరి. భీవండిలోని పద్మనగరము నేటికిని తెలుగువారి పేట. అచట పాతబడిన సాంచాలను తక్కువ ధరకు కొని సిరిసిల్లకు తెచ్చి నిలిపిరి. ఈ విధముగా మాంచెస్టరులో ఒకనాడు జరిగిన పని, చేతులు మారి, యంత్రములు మారి, మానేటి యొడ్డుకు చేరినది.

ఈ ప్రయాణమంతయు చూచినచో ఒక సంగతి తెలియుచున్నది. పని పోయిన ఊరిలో కూలి పడిపోవును. పని వచ్చిన ఊరిలో కూలి కొంత పెరుగును. కాని పని విడిచివచ్చిన ఊరి కూలియంత పెరుగదు. అంత ఇచ్చుటయే యైనచో పని యచటికి వచ్చియే యుండదు.

ఈ వ్యాపారము కేవలము హానికరమని చెప్పుట న్యాయము కాదు. బంగ్లాదేశమున కుట్టుపని వలన లక్షలకొలది గ్రామీణ స్త్రీలు నెలజీతము కండ్ల జూచిరి. చీనాదేశమున ఫ్యాక్టరీలు పెరిగినకొలది కూలి పెరిగినది. అట్లు పెరుగుటచేతనే కుట్టుపనిలో కొంత చీనాను విడిచి బంగ్లాదేశమునకును, వియత్నామునకును తరలిపోయెను. ఏ దేశమునుండి ఎంత గుడ్డ, ఎన్ని దుస్తులు దిగుమతి చేసికొనవలెనో ధనిక దేశములు విధించుకొన్న కోటాలు 2005 జనవరి 1తో రద్దు కాగా పోటీకి అడ్డు తొలగినది. ఆ పోటీలో ఖర్చు తగ్గించుట యెంతవరకు పోగలదో ఢాకా సమీపమున 2013 ఏప్రిల్ 24న తెలిసినది. రాణా ప్లాజా యను భవనము గోడలు బీటలు వారినవని తెలిసియు పనివారిని లోనికి పంపిరి. అది కూలి 1,100 మందికి పైగా మరణించిరి. ప్రపంచమంతటను ఆక్షేపణ చెలరేగిన పిమ్మట అచటి కుట్టుపనివారి కనీస నెలజీతము 3,000 టాకాల నుండి 5,300 టాకాలకు పెంచబడెను. కూలి తనంతట పెరుగలేదు, పెంచవలసివచ్చినది.

ఈ పోటీ మన గుమ్మము వరకు వచ్చియున్నది. సిరిసిల్ల సమీపమున పెద్దూరులో వెలసిన దుస్తుల పార్కులో మన స్త్రీలు విదేశీయుల కొరకు బట్టలు కుట్టుచున్నారు. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా ప్రభుత్వము మన దేశపు సరుకులు పెక్కింటిపై 50 శాతము సుంకము విధించినప్పుడు, తిరుప్పూరు మొదలగు పట్టణములలో కొన్ని ఆర్డర్లు నిలిచిపోయెను. సముద్రముల కావల ఒక సంతకము జరిగినచో ఇచట కుట్టుమిషను వేగము తగ్గును.

సిరిసిల్ల సాంచా: మిగిలినదే కూలి

ఇక గొలుసులోని ఒక్క లంకెను దగ్గరగా చూతము. సిరిసిల్ల పట్టణమునందును పరిసరములందును సుమారు 25,000 సాంచాలు, అనగా మరమగ్గములు, కలవు. వీనిలో అధికభాగము పాలిస్టరు గుడ్డ నేయును. నూలు కొని, గుడ్డ అమ్ము పెట్టుబడిదారుడు యజమాని. కొలదిపాటి సాంచాలు పెట్టుకొని, యజమాని యిచ్చిన నూలును మీటరుకింతయను లెక్కన నేసియిచ్చువాడు ఆసామి. ఆ సాంచాలను నడపువాడు కార్మికుడు. వీరుగాక కండెలు చుట్టువారు, భీములు నింపువారు, మూటలు మోయు హమాలీలు కలరు. కార్మికుడు ఒకేమారు అనేక సాంచాలను కనిపెట్టుచు 12 గంటల వంతున రాత్రింబవళ్లు నిలువబడును. నేసినంతకే కూలి, సాంచా ఆగినచో కూలియు ఆగును.

పాలిస్టరు నూలు చేలలో పండునది కాదు. భూగర్భపు చమురునుండి పుట్టు రసాయనములతో చేయబడునది. కావున చమురు ధర మారినప్పుడు, చీనాలో ఆ రసాయనముల తయారీ పెరిగినప్పుడు లేక తగ్గినప్పుడు, నూలు ధర మారును. ఆ ధరను సిరిసిల్ల నిర్ణయింపజాలదు. నేసిన ముడిగుడ్డను అద్దకపు మిల్లులకును వర్తకులకును అమ్మవలెను. అదే గుడ్డ భీవండిలోను, సూరతులోను తయారగుచుండుటచే అమ్మకపు ధరను కూడ సిరిసిల్ల నిర్ణయింపజాలదు. రెండు వైపుల ధరలు ఇతరుల చేతులలో నుండగా, నడుమ మిగిలినదే ఆసామికిని కార్మికునికిని దక్కును.

దీనినొక లెక్కతో చూతము. ఇది విషయము బోధపడుటకు వేసిన ఊహాలెక్క మాత్రమే. గుడ్డ 100 రూపాయలకు అమ్ముడుపోయిన దనుకొందము. అందులో నూలు 65 రూపాయలు. గంజి, భీములు, రవాణా 8 రూపాయలు. కరెంటు 5 రూపాయలు. వడ్డీ, యజమాని లాభము 10 రూపాయలు. ఆసామికిని కార్మికునికిని కలిపి 12 రూపాయలు. ఇప్పుడు అంగడిలో గుడ్డ ధర 5 రూపాయలు తగ్గినది. నూలు మిల్లు తగ్గింపదు, కరెంటు బిల్లు తగ్గదు, వడ్డీ యాగదు. ఆ 5 రూపాయల భారము నేతపనివారిపై బడినచో 12 రూపాయలు 7 రూపాయలగును. గుడ్డ ధర వందకు అయిదు వంతులే తగ్గినను, కూలి వందకు నలువదికి మించి తగ్గినది.

ఈ లెక్కనే త్రిప్పి చూడుడు. ఆ 12 రూపాయల కూలిని నాలుగవవంతు పెంచి 15 రూపాయలు చేసినచో, గుడ్డ ధర 100 నుండి 103 రూపాయలకు మాత్రమే పెరుగును. కొనువానికి ఆ భేదము తెలియనైన తెలియదు. నేయువాని యింట దీపము నిలుచును. కూలి పెంచినచో సరుకు అమ్ముడుపోదను వాదమునకు గొలుసు మొదట నున్న బలము, ఒక్క ఊరు ఒంటరిగా పెంచినచో పని పొరుగూరికి పోవునను భయమువలన వచ్చినదే గాని, కూలి నిజముగా ధరలో పెద్దభాగమగుటచే వచ్చినది కాదు.

సిరిసిల్లలో 1990ల నుండి అనేకమంది నేతపనివారు అప్పుల బాధచే ప్రాణములు తీసికొనిరి. వారి కుటుంబముల దుఃఖమునకు లెక్క గట్టజాలము. కాని వారి అప్పులకు మూలమైన లెక్క మాత్రము పైనజెప్పినదే.

బతుకమ్మ చీరల పాఠము

కొనువాడు మారినచో కూలి మారునా యను ప్రశ్నకు సిరిసిల్లయే సమాధానము చెప్పినది. తెలంగాణ ప్రభుత్వము 2017లో బతుకమ్మ పండుగకు పేద స్త్రీలకు చీరలు పంచుట యారంభించెను. మొదటి యేట కాలము చాలక కొంతభాగము సూరతునుండి తెప్పింపబడినది. తరువాతి సంవత్సరములలో ఏటా సుమారు కోటి చీరల పని సిరిసిల్ల సాంచాలకు లభించెను. సాంచాలు పాతవే, పనివారు పాతవారే, కరెంటు పాతదే. కొనువాడు ముందుగనే ఇంత కొందునని చెప్పి, కూలి గిట్టునట్లు ధర కట్టుటచే నెలలకొలది పని దొరకి రాబడి పెరిగినది.

2023 తరువాత ఆ పంపిణీ నిలిచినది. 2024లో సాంచాలు ఆగి, మరల కార్మికులు వీధిన పడిరి. మరల కొందరు ప్రాణములు తీసికొనిరి. ఆ పిమ్మట స్వయంసహాయక సంఘముల స్త్రీలకు చీరల ఆర్డరు వచ్చెను. నూలు కొరకు వేములవాడలో డిపో యేర్పడెను. ఇందు మనకు రెండు పాఠములున్నవి. ధరలోనే కూలిని చేర్చి కట్టినచో పనివాడు నిలువగలడు. కాని ఒక్క కొనుగోలుదారునే నమ్ముకొన్న ఊరు, ఒక్క వానపై నమ్మకముంచిన మెట్టచేను వంటిది.

కోరుట్ల బీడీ, కన్ననూరి సంఘము

బీడీ సముద్రములు దాటి పోవు సరుకు కాదు. అయినను కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో ఇండ్లయందు బీడీలు చుట్టు స్త్రీల కూలియందు ఇదే సూత్రము పనిచేయుచున్నది. తునికాకు, తంబాకు కంపెనీవి. బీడీపై అంటించు పేరు కంపెనీది. చుట్టు చేతులు మాత్రము మన స్త్రీలవి. వేయి బీడీలకు ఇంతయని కూలి. నడుమ కమీషనుదారుడు ఆకు తూచి యిచ్చి, బీడీలు లెక్కించి, నచ్చనివానిని ఏరివేయును. ఆకు తక్కువైనను, చెడ్డదైనను ఆ నష్టము చుట్టినదానిదే.

పనివారికి రక్షణ కల్పింపవలెనని 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టము చేయబడినది. 1968లో కేరళ రాష్ట్రము దానిని అమలుపరుప బూనుకొనగా, కన్ననూరు ప్రాంతమున పని యిచ్చుచున్న మంగుళూరి కంపెనీలు అచటి పనిశాలలు మూసి, చట్టపు బాధ లేనిచోటికి పని తరలించెను. వేలకొలది కార్మికులు పని పోగొట్టుకొనిరి. మాంచెస్టరు కథ, బొంబాయి కథ మరల జరిగినవి.

కాని యీసారి ముగింపు వేరు. ఆ కార్మికులు 1969లో ప్రభుత్వ సహాయముతో దినేశ్ బీడీ యను సహకార సంఘమును స్థాపించుకొనిరి. ఆకు, తంబాకు తామే కొనిరి. బీడీపై తమ పేరే అంటించిరి. అమ్మకము తామే చూచుకొనిరి. చట్టప్రకారపు కూలి, సెలవుల జీతము, భవిష్యనిధి ఇచ్చియు సంఘము నిలిచినది. 1980లలో అందు 40,000 మందికి పైగా పనిచేసిరి. తరువాత బీడీ వాడుక తగ్గగా సంఘము ఆహార పదార్థములు, గొడుగులు, దుస్తులు మొదలగు ఇతర పనులలోనికి దిగెను. పని పారిపోయినను పనివారు దిక్కులేనివారు కానక్కరలేదని ఇది నిరూపించుచున్నది. కూలి ఎక్కువ ఇచ్చిన సంస్థ మునిగిపోవునను మాటకు ఇదియే సమాధానము.

జగిత్యాల దుబాయి: పని రానిచో మనిషి పోవును

కొన్ని పనులు ఊరు మారజాలవు. దుబాయిలోని మేడను జగిత్యాలలో కట్టి పంపలేము. అట్టి పనులకు మనుష్యులే తరలిపోవుదురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారు లేని గ్రామము కనబడుట కష్టము. వారు పంపిన డబ్బుతో ఇండ్లు లేచినవి, బావులు త్రవ్వబడినవి, ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి. వీసా కొరకు చేసిన అప్పు తీరకమునుపే పని పోయి తిరిగివచ్చినవారును కలరు.

అచటను కూలి నిర్ణయమగు విధ మిదియే. నేపాలము, బంగ్లాదేశము, పాకిస్తాను వారితో మన పనివాడు పోటీ పడవలసియున్నది. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వము గల్ఫు దేశములకు పోవు కార్మికుల విషయమున తాను సూచించు కనీస వేతనములను తగ్గించెను. వేతనము ఎక్కువైనచో పని ఇతర దేశములవారికి పోవునని, మనవారి ఉద్యోగములు కాపాడుటకే తగ్గించితిమని కారణము చెప్పబడినది. గల్ఫు కార్మికుల పక్షమున ఆందోళన జరిగెను. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము వేయబడెను. 2021లో ఆ తగ్గింపు ఉపసంహరింపబడినది. ఊళ్ల మధ్య జరుగు పోటీ దేశముల మధ్య జరిగినప్పుడు ప్రభుత్వములు సైతము కూలి తగ్గించుటకు మొగ్గునని యిందువలన తెలియును. అడిగినవారు ఉన్నచోట అది నిలువలేదని కూడ తెలియును.

మన పొలములోని కూలి

ఇంతవరకు ఇతరుల మాట చెప్పితిమి. ఇక మన మాట. యువకులు గల్ఫునకు పోవుటచే మన గ్రామములలో నాట్లకు, బస్తాలెత్తుటకు మనుష్యులు కరవైరి. ఆ లోటు తీర్చుటకు బీహారు, ఉత్తరప్రదేశము, పశ్చిమ బెంగాలు రాష్ట్రములనుండి కూలీలు వచ్చుచున్నారు. ఎకరమునకు ఇంతయని గుత్త మాటలాడి, మేస్త్రీ చేతికి డబ్బిత్తుము. అందులో కూలీకి ఎంత ముట్టినదో మనమెన్నడైన నడిగితిమా? వారు పండుకొనుచోటు షెడ్డో, చెట్టునీడయో చూచితిమా?

గల్ఫులో మన కుమారుని కూలిలో ఏజెంటు కోసికొనరాదని కోరుదుము. ఒక గదిలో పదిమందిని కుక్కరాదని కోరుదుము. ఇట్లు కోరు మనము మన పొలమునకు వచ్చిన పరదేశి కూలీ విషయమున అదే కొలత వాడవలెను. రైతునకు గిట్టుబాటు ధర రాకపోవుట నిజమే. ఆ భారమును తనకంటె బలహీనునిపై త్రోయుట మాత్రము యజమాని కార్మికునిపై, కంపెనీ యజమానిపై చేయుచున్న పనియే.

సంఘము చేయదగిన పనులు

ప్రపంచ వ్యాపారమును మన సంఘము మార్చజాలదు. కాని గొలుసులో మన లంకెను బలపరచుకొనవచ్చును. దీనికి మన చుట్టునే దృష్టాంతములున్నవి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు నెలకొల్పిన ములుకనూరు సహకార సంఘము అప్పు, ఎరువులు, విత్తనములు, అమ్మకము అన్నిటిని ఒక్క కప్పు క్రిందకు తెచ్చి రైతును దళారి చేతినుండి తప్పించినది. సిరిసిల్లలో 1970లో వెలసిన సహకార విద్యుత్ సరఫరా సంఘము సభ్యులదే. సాంచాలు నడచు కరెంటు దాని తీగెలనుండియే వచ్చుచున్నది. కరెంటును సంఘముగా తెచ్చుకొనగలిగిన ప్రాంతమువారు, నూలును సంఘముగా కొనజాలకపోవుటకు కారణము లేదు.

కావున సభ్యులు ఈ క్రింది సంగతులను తమ సమావేశములలో ఆలోచింతురు గాక.

మొదటిది, లెక్క. సాంచాపని యైనను, బీడీపని యైనను సరుకు ధరలో నూలెంత, కరెంటెంత, కమీషనెంత, కూలెంత అని కాగితముమీద పెట్టి చూడవలెను. లెక్క తెలియనివాడు బేరమాడజాలడు.

రెండవది, ముడిసరుకును కలిసి కొనుట, తయారైనదానిని కలిసి అమ్ముట. ఇందులకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము అవకాశము కల్పించినది. సంఘము కాగితముమీదిదై, పెత్తనము ఒక్కని చేతిలోనిదైనచో ఫలము లేదు. ఆసాములు, కార్మికులు కూడ సభ్యులై, ఏటేట లెక్కలు చదివి వినిపించు సంఘమే సంఘము.

మూడవది, ఊళ్ల మధ్య ఒడంబడిక. సిరిసిల్లలో పెరిగిన కూలి భీవండిలో పెరుగకున్నచో పని పోవును. కావున కూలి సంఘములు పొరుగు పట్టణముల సంఘములతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపవలెను. భీవండిలో నేయువారిలో అనేకులు మనవారే. ఈ మాట చెప్పుట కష్టము కాదు.

నాలుగవది, గల్ఫునకు పోవువారికి తోడ్పాటు. 1983 నాటి వలస చట్టపు నిబంధనలు లైసెన్సు గల ఏజెంటు సేవారుసుమునకు 30,000 రూపాయల పరిమితి విధించినవి. లక్షలు గుంజు ఉపఏజెంటు చేతిలో పడకమునుపే లైసెన్సును, ఒప్పందపు కాగితమును చదివి చెప్పగల మనిషి ప్రతి సంఘ కార్యాలయమునను ఉండుట మేలు.

అయిదవది, మన పొలములలో నాటువేయు కూలీలకు గుత్త డబ్బును మేస్త్రీ యెదుటనే మనిషి మనిషికి పంచి యిచ్చు వాడుక. దీనికి ఏ చట్టము కొరకును కాచుకొననక్కరలేదు. రేపటి నాటునుండియే మొదలిడవచ్చును.

పని ఊరూరు తిరుగుచునే యుండును. అది మన ఊరికి వచ్చినప్పుడు సంతోషింతుము, పోయినప్పుడు దుఃఖింతుము. వచ్చినప్పుడే కూలి లెక్కను చేతబట్టుకొని, పోవునప్పటికి నిలువగల సంఘమును కట్టుకొన్నవారికే ఆ దుఃఖము తక్కువ. కన్ననూరి బీడీ కార్మికులు చేసినది అదియే. మనమును చేయదగినది అదియే.